పీడ విరగడ కాలేదు

నా ఖాతాలోంచి 86 వేల రూపాయలు పోయి ఏడాది దాటింది. కొత్తపేటలో మా ఇంట్లోనే, వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని కాకరకాయలు తరుగుతుండగా పోయాయి. నా ఉద్యోగం అకౌంట్స్. పదహారేళ్లుగా ఊళ్లోవాళ్ల లెక్కల్లో రూపాయి తేడా వస్తే పట్టుకోవడం నా పని. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథ ఎవరికి చెప్పినా మొదట వచ్చే ప్రశ్న అదే. "నువ్వెట్ల పడ్డవ్?"

ఎట్లా పడ్డానంటే, ఆన్‌లైన్‌లో తెప్పించిన మిక్సీ జార్ పగిలి వచ్చింది. కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికితే మొదట కనబడ్డ నంబరుకి కొట్టాను. అది కంపెనీది కాదు. అవతలి అబ్బాయి ఎంత మర్యాదగా మాట్లాడాడంటే, అసలు కంపెనీ వాళ్లెవరూ నాతో అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు, అనుమానం అక్కడే రావాల్సింది. రీఫండ్ నమోదుకు పది రూపాయలు కట్టాలన్నాడు, ఒక లింకు పంపాడు, "సపోర్ట్ యాప్" ఒకటి దింపించాడు. డెబిట్ కార్డు వివరాలు నింపాను. ఆ యాప్‌తో నా ఫోను తెర మొత్తం వాడికి కనబడుతోందని నాకు తెలియదు, కాబట్టి ఓటీపీలు నేను చెప్పనక్కర లేకుండానే వాడు చదువుకున్నాడు. 49,000. తర్వాత 24,600. తర్వాత 12,400. కుక్కర్ మూడో విజిల్ లోపు అయిపోయింది.

మోసం గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. ఇలాంటివి రోజూ పేపర్లో వస్తాయి. నేను రాయాలనుకున్నది ఆ తర్వాత జరిగినదాని గురించి.

పైసలు పోయింది శనివారం సాయంత్రం 6:40కి. నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. పందొమ్మిది గంటల పైనే. ఈ మధ్యలో ఏం చేశానో రాస్తుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. మొదట సిగ్గుతో కాల్ హిస్టరీ చెరిపేశాను, వాట్సాప్‌లో వాడు పంపిన లింకు, చాటింగ్ అంతా డిలీట్ చేశాను. ఎవరైనా చూస్తారేమోనని. తర్వాత తెలివి తెచ్చుకుని కార్డు బ్లాక్ చేసి నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చాను, అదే ఫోనులో, ఆ యాప్ తియ్యకుండా. అంటే వాడు చూస్తుండగా కొత్త పాస్‌వర్డ్ టైపు చేశాను. ఖాతాలో అప్పటికి మిగిలింది 1,100 కాబట్టి బతికిపోయాను కానీ, లేకపోతే రెండో విడత కూడా నేనే వడ్డించినట్టయ్యేది. రాత్రి మా ఆయన అడిగితే తలనొప్పి అన్నాను. పిల్లాడి ఫీజు, చిట్టీ వాయిదా, అన్నీ కలిపి పడుకుని లెక్కలేస్తూనే ఉన్నాను.

పొద్దున అత్తమ్మ కనిపెట్టేసింది. టిఫిన్ ముట్టలేదు కదా. ఏడుస్తూ చెప్పాను. ఆమె నా తల నిమిరి అన్న మాట ఇది. "పోతే పోయినయ్ బిడ్డా. పీడ విరగడైందనుకో. ఎవ్వరికీ చెప్పకు, నవ్వుతరు." మా ఆయన తిట్టలేదు. తిట్టకపోవడమే కాదు, అదే మాట ఆయన కూడా అన్నాడు. పోలీసుల చుట్టూ తిరిగితే ఇంకో పది వేలు ఆటోలకే పోతాయి, వదిలెయ్ అన్నాడు.

ఇంత ప్రేమగా అన్న మాటతో పోట్లాడటం కష్టం. కానీ ఈ ఏడాదిలో నాకు అర్థమైంది ఒక్కటే. మోసం చేసినవాడికి మన ఇళ్లల్లో చేసే అతి పెద్ద సాయం ఈ మాటే. పీడ విరగడ కాదు. పోలేదు కూడా. అది మన నంబరు రాసుకుని వెళుతుంది, ఖాళీ దొరికినప్పుడు మళ్లీ వస్తుంది.

ఆరోజు నన్ను కదిలించింది నిజామాబాద్‌లో ఉండే మా మరిది. విషయం వినగానే ఎట్లా పడ్డావని అడగలేదు. "1930కి కొట్టినవా వదినా?" అన్నాడు. లేదంటే, "ముందు ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అత్తమ్మ ఫోన్ నుంచి కొట్టు" అన్నాడు. ఇంత పని ఉందని నాకు ఎవరూ చెప్పలేదు, స్కూల్లోగానీ ఆఫీసులోగానీ.

ఆ 1930 దేనికో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది అది ఉత్త ఫిర్యాదు నంబరనుకుంటారు. మన ఖాతాలోంచి పోయిన డబ్బు నేరుగా మోసగాడి జేబులోకి వెళ్లదు. ముందు ఎవరిదో అద్దె ఖాతాలోకి, అక్కణ్నుంచి ముక్కలై నాలుగైదు ఖాతాల్లోకి, వాటినుంచి ఇంకొన్నిటిలోకి, చివరికి ఏటీఎంలో నగదుగానో క్రిప్టోగానో మాయమవుతుంది. పోలీసులు ఈ మెట్లను లేయర్ ఒకటి, లేయర్ రెండు అంటారు. 1930లో మనం లావాదేవీ వివరాలు చెప్పగానే, కేంద్ర హోం శాఖ 2021లో మొదలుపెట్టిన వ్యవస్థ ద్వారా ఆ సమాచారం సంబంధిత బ్యాంకుకి, వాలెట్‌కి చేరుతుంది, డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఆపేస్తారు, కదిలిపోయుంటే తర్వాతి మెట్టు మీద ఉన్న బ్యాంకుకి చెబుతారు. అంటే ఇది పరుగు పందెం. వాడు బయల్దేరిన పందొమ్మిది గంటలకి నేను షూ లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాను.

అయినా 12,400 దొరికింది. ఆ మూడో లావాదేవీ ఒక వాలెట్‌లో కదలకుండా ఉండిపోయింది, ఎందుకో తెలియదు, వాడు మర్చిపోయాడేమో. శనివారం ఏడు గంటలకే చేసి ఉంటే మిగతా రెండూ ఎక్కడుండేవో ఆలోచించడం నాకిష్టం లేదు.

ఫోన్ చేసినప్పుడు అడిగేవి చాలా మామూలు విషయాలు. మన బ్యాంకు, ఖాతా లేదా కార్డు నంబరు, ఎంత, ఎప్పుడు, లావాదేవీ నంబరు. యూపీఐ అయితే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే కనబడుతుంది. ఇవి ముందే కాగితం మీద రాసుకుని కొడితే మంచిది, ఏడుపులో అంకెలు తప్పుతాయి, నాకు తప్పాయి. తర్వాత మెసేజ్‌లో ఫిర్యాదు నంబరు వస్తుంది. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మనమే నమోదు చేసుకోవచ్చు. నేను రెండూ చేశాను. అక్కడ స్క్రీన్‌షాట్లు అడిగినప్పుడు, నేను చెరిపేసిన కాల్ హిస్టరీ గుర్తొచ్చి గోడకి తల కొట్టుకోవాలనిపించింది. దయచేసి ఏదీ చెరపకండి. వాడి నంబరు, లింకు, వాడు పంపిన ఫోటో, బూతులు తిట్టుకున్న చాటింగ్ అయినా సరే, ఉంచండి.

సోమవారం బ్యాంకు బ్రాంచికి వెళ్లాను. పేరు రాయను, ఆ కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి కూడా పాపం ఏం తెలుసని. "ఓటీపీ మీ ఫోనుకే వచ్చింది కదా మేడమ్, మేమేం చేస్తాం" అన్నాడు. నాకు నోరు పడిపోయింది. ఇంటికొచ్చాక చదివాను. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఒకటుంది. అందులో లెక్క ఇలా ఉంటుంది. తప్పు బ్యాంకుదైతే మనకి భారం ఏమీ లేదు. తప్పు మనదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో వ్యవస్థలో జరిగింది అంటే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పని దినాల్లోపు చెబితే మన నష్టం సున్నా, నాలుగు నుంచి ఏడు పని దినాలైతే ఒక పరిమితి వరకు మనది, ఆ తర్వాత బ్యాంకు పాలసీని బట్టి. మన నిర్లక్ష్యం అయితే, ఓటీపీ చెప్పేయడం లాంటిది, బ్యాంకుకు చెప్పేంతవరకు పోయింది మనది. బ్యాంకుకు చెప్పిన నిమిషం తర్వాత పోయింది బ్యాంకుది. నిర్లక్ష్యం మనదే అని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే.

అకౌంట్స్ మనిషిని కాబట్టి ఆ సర్క్యులర్‌లో నాకు ముందు కనబడింది టైమ్ స్టాంపు. మనం చెప్పిన నిమిషం ఒక గీత. గీతకి ఇవతల మన నష్టం, అవతల వాళ్ల నష్టం. మనం సిగ్గుపడుతూ కూర్చున్నంతసేపూ ఆ గీతని మనమే అవతలికి జరుపుకుంటూ పోతున్నాం. మంగళవారం మళ్లీ వెళ్లి, రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ, టైము వేయించుకుని స్టాంపు కొట్టించుకున్నాను. ఆ అబ్బాయి చిరాకు పడ్డాడు. పడనీ. ఫోన్లో చెప్పింది గాల్లో మాట. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది మనకి నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పైసా ఖర్చు లేకుండా ఆన్‌లైన్లో ఫిర్యాదు చేసుకోవచ్చు, కానీ దానికి ముందు బ్యాంకుకి చెప్పినట్టు కాగితం ఉండాలి.

పోలీస్ స్టేషన్ సంగతికొస్తే, మా ఆయన అన్నది పూర్తిగా అబద్ధమేమీ కాదు. మూడుసార్లు తిరిగాను. ఒకసారి మీది మా ఏరియా కాదన్నారు. నేను కూడా నిజమే కాబోలనుకుని మెట్లు దిగుతుంటే, మా మరిది ఫోన్లో అరిచాడు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం ఏరియాతో పని లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. మళ్లీ మెట్లెక్కి ఆ సెక్షన్ నంబరు చెప్పాను. కుర్చీ వేశారు. 1930కి చేసిన ఫిర్యాదు ఎఫ్‌ఐఆర్ కాదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అయింది, దానికి ఐటీ చట్టంలోని 66డి కలుస్తుంది. మనం ఈ నంబర్లు బట్టీ పట్టక్కర్లేదు, కానీ ఒకటి రెండు నోట్లో ఉంటే అవతలివాళ్లు మన ముఖం వైపు చూస్తారు.

ఆపేసిన 12,400 నాకు దాదాపు ఏడు నెలలకి లోక్ అదాలత్‌లో తిరిగొచ్చింది. తెలంగాణలో ఇలా ఫ్రీజ్ అయిన సొమ్ముని లోక్ అదాలత్ ద్వారా బాధితులకి ఇప్పిస్తున్నారు. లాయరు అవసరం పడలేదు. ఆటోలకి అయిన ఖర్చు, మా ఆయన కోసం లెక్క రాసి పెట్టాను, 1,340 రూపాయలు. పది వేలు కాదు.

సరే, నా 12,400 సంగతి పక్కన పెట్టండి. ఇది రాయడానికి అసలు కారణం మా పెద్దనాన్న.

గత శ్రావణంలో నాగోల్‌లో మా చెల్లి గృహప్రవేశం. వ్రతం అయ్యాక ఆడవాళ్లందరం కూర్చున్నప్పుడు నేనే చెప్పాను, ఎవరో చెప్పేకంటే నేను చెబితే నయమని. అత్తమ్మ నా మోకాలు గిల్లింది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా వదిన, తనకి కరెంటు బిల్లు పేరుతో ఆరు వేలు పోయాయంది. మా చిన్నమ్మ కొడుకుకి పెళ్లి పత్రిక అని వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, తెరిస్తే, వాడి నంబరు నుంచి కాంటాక్టుల్లో ఉన్న అందరికీ అదే పత్రిక వెళ్లిందట. నవ్వుతారన్నారు కదా, ఎవరూ నవ్వలేదు, ప్రతివాళ్ల దగ్గరా ఒకటుంది.

భోజనాలయ్యాక పెద్దనాన్న నన్ను బాల్కనీలోకి పిలిచాడు. ఈసీఐఎల్ దగ్గర ఉంటాడు, రిటైరై పదేళ్లయింది. "నాకూ పోయినయ్ బిడ్డా" అన్నాడు. 2024 దీపావళి అయ్యాక వీడియో కాల్. ముంబై పోలీసులమన్నారు, ఆధార్ మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయన్నారు, డిజిటల్ అరెస్ట్ అన్నారు. పెద్దమ్మ కరీంనగర్‌లో ఉంది. రెండు రోజులు కెమెరా ముందు కూర్చోబెట్టారు, స్నానానికి వెళ్లాలన్నా అడిగి వెళ్లాడట. 2 లక్షల 5 వేలు పంపాడు. మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు, ఆ అక్టోబరులోనే ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో చెప్పారు కూడా. పెద్దనాన్న ఆ ప్రసంగం విన్నాడు. విన్నా కూడా, ఖాకీ చొక్కా తెర మీద కనబడగానే ఒళ్లు చల్లబడిపోయిందన్నాడు.

ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది నెలలు. మూడు నెలలకి ఇంకో ఫోన్ వచ్చింది. "సార్, మీ డబ్బు రికవరీ అయింది, కోర్టు లాయరు ఫీజు 35 వేలు కడితే మొత్తం వెనక్కొస్తుంది." ఎంత పోయిందో, ఏ తేదీన పోయిందో వాళ్లే చెప్పారు. అందుకే నమ్మాడు. కట్టాడు.

ఇదే ఫోన్ నాకూ వచ్చింది, మూడు వారాలకే. సైబర్ సెల్ అన్నాడు, 86 వేలు అని సరిగ్గా చెప్పాడు, ప్రాసెసింగ్ ఫీజు 4,500 అన్నాడు. నేను ఎందుకు కట్టలేదంటే నాకు తెలివెక్కువై కాదు. ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి. మా ఆయన పక్కనే ఉన్నాడు, "పోయిన పైసలకి పైసలడుగుతుండా, పెట్టెయ్" అన్నాడు. పోయిన డబ్బు తిరిగివ్వడానికి ఏ పోలీసూ, ఏ కోర్టూ ఫోన్ చేసి యూపీఐలో ఫీజు అడగరు. పెద్దనాన్న పక్కన ఆ ముక్క చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే మొదటిదే ఎవరికీ చెప్పలేదు.

2024లో సైబర్ మోసాల్లో దేశవ్యాప్తంగా 22,845 కోట్లు పోయినట్టు కేంద్రం పార్లమెంటులో చెప్పింది. చదివినప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒకటే. అది ఫిర్యాదు చేసినవాళ్ల లెక్క. పెద్దనాన్న 2 లక్షల 5 వేలు అందులో లేవు.

చిన్న మొత్తాల విషయంలో ఇది ఇంకా ఘోరం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు, డిగ్రీ చదువుతున్నాడు, ఇంటి నుంచే డేటా ఎంట్రీ ఉద్యోగమని 1,800 కట్టాడు. ఫిర్యాదు చెయ్యరా అంటే, "పద్దెనిమిది వందలకి పోలీసులొస్తరా మేడమ్" అన్నాడు. వాడి ఒక్కడి కోసం ఎవరూ రారు, నిజమే. కానీ వాడు డబ్బు పంపిన ఖాతా, వాడికి వచ్చిన ఫోన్ నంబరు నమోదైతే, అదే నంబరు మీద ఇంకెవరిదో లక్ష కేసు ఉంటే, రెండూ కలుస్తాయి. ఆ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో అనుమానం ఉన్న నంబరు మీద ముందే ఫిర్యాదులున్నాయా అని వెతికి చూసుకునే వీలు కూడా ఉంది. అందులో ఏముంటుంది? మనం రాస్తేనే ఉంటుంది. డబ్బు పోకపోయినా, అలాంటి కాల్ వస్తే కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చక్షు అని ఒక విభాగం ఉంది, అక్కడ చెప్పొచ్చు.

వాడికే ఇంకో సంగతి కూడా చెప్పాల్సొచ్చింది. ఫ్రెండ్ ఎవరో నీ బ్యాంకు ఖాతా నెల రోజులు వాడుకోనిస్తే ఐదు వేలిస్తారన్నాడట. రేపు ఎవరి రెండు లక్షలో వచ్చి ఆ ఖాతాలో పడితే పోలీసులు మొదట తలుపు తట్టేది నీ ఇంటిదే అని చెప్పాను. ముఖం మాడ్చుకున్నాడు కానీ ఇవ్వలేదు. అనుకుంటున్నాను.

డబ్బు పోయాక ఇంకా చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. ఆధార్, పాన్ కాపీలు వాళ్ల చేతిలో పడ్డాయంటే కథ అయిపోలేదన్నమాట. మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలోనే చూసుకోవచ్చు, పెద్దనాన్న పేరు మీద ఆయనకి తెలియనిది ఒకటి కనబడింది, అది నాది కాదని అక్కడే గుర్తు పెట్టాం. ఆధార్ వేలిముద్రలు లాక్ చేసుకోవచ్చు. మన పేరున ఎవరైనా లోను తీశారేమో క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది, సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇవన్నీ చూసినప్పుడు ఏదైనా తేడా తేలితే, అప్పుడు పనికొచ్చేది ఆ మొదటి ఫిర్యాదు కాగితమే. ఫలానా తేదీనే నేను మోసపోయానని చెప్పాను, నా కాగితాలు దొంగల చేతిలో ఉన్నాయని చెప్పాను అనడానికి వేరే రుజువేముంటుంది? అందుకే డబ్బు రాదని తెలిసినా, ఆలస్యమైనా ఫిర్యాదు చెయ్యమంటాను. మా ఆయనతో ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది, ఆయన లెక్క వచ్చిన పైసలు, నా లెక్క ఆగిన పైసలు.

గృహప్రవేశం అయిన తర్వాతి ఆదివారం ఈసీఐఎల్ వెళ్లి పెద్దనాన్న పక్కన కూర్చుని పోర్టల్‌లో ఫిర్యాదు నింపాను. పెద్దమ్మకి ఆరోజే తెలిసింది. ఆమె తిట్టిన తిట్లు నేను రాయలేను, కానీ తిట్టడం అయ్యాక పాస్‌బుక్కు తెచ్చి యూటీఆర్ నంబర్లు ఆమే చదివిపెట్టింది. తొమ్మిది నెలల తర్వాత ఏమొస్తుంది, ఏమీ రాలేదు ఇప్పటిదాకా. ఫిర్యాదు నంబరు ఫోనుకి వచ్చింది. పెద్దనాన్న దాన్ని గోడ క్యాలెండర్ మీద, గ్యాస్ బుకింగ్ నంబరు కింద, పెద్ద అంకెల్లో రాసుకున్నాడు.

గేటు దాకా వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇట్ల వచ్చే ఆదివారం కూడా వస్తవా బిడ్డా? మా వాకింగ్ బ్యాచ్‌ల ఇంకిద్దరున్నరు."